బిల్లు రాకముందే

కట్టర్‌ను కిరోసిన్‌లో ముంచి, మేస్త్రీ గాజు పలక మీద ఒక్క గీత గీశాడు. పలకను బల్ల అంచుకు జరిపి కిందనుంచి వేలితో తట్టగానే రెండుగా విడిపోయింది. ముప్పై ఏళ్లుగా ఇదే పని. బొటనవేళ్ల మీద గాట్లకు లెక్కలేదు కానీ, కోతలో వెంట్రుకవాసి తేడా రాదు.

అంతటి మనిషీ ఒక సంతకం దగ్గర బోల్తాపడ్డాడు. ఆరేళ్ల కిందట తోటి పనివాడొకడు బ్యాంకు అప్పు మీద బండి కొనుక్కుంటూ, "సాక్షి సంతకమే అన్నా, నీకేం పోదు" అన్నాడు. మేస్త్రీ మొహమాటానికి పోయి చదవకుండా పెట్టాడు. తీరా చూస్తే అది పూచీ సంతకం. పనివాడు బండితో సహా ఊరు దాటాడు. బాకీ మేస్త్రీ మెడకు చుట్టుకుంది. మూడేళ్లు కడుపు కట్టుకుని తీర్చాడు. అయినా బ్యాంకువాళ్ల లెక్కలో ఆయన పేరుకు పడ్డ మచ్చ పోలేదు.

ఇప్పుడు యజమాని తాము పనిచేసే ఈ అద్దాల కొట్టు అమ్మేస్తున్నాడు. నెలాఖరులోగా డబ్బు తెస్తే మీకే ఇస్తానన్నాడు. పక్కన నిలబడి పని నేర్చుకున్న కూతురికి ఎప్పటికైనా ఆ కొట్టు దక్కాలని మేస్త్రీకి చాలాకాలంగా ఆశ. లోను కావాలంటే, అప్పులు తీర్చే తీరును బట్టి బ్యాంకులు చూసే స్కోరు బాగుపడాలి. అందుకే ఏడాది కిందట దాచుకున్నదంతా బ్యాంకులో డిపాజిట్ చేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నాడు. మామూలుగా అడిగితే ఎవరూ ఇవ్వలేదు మరి. నెలకోసారి ఆ కార్డుతో ఒక సబ్బు కొనడం, మర్నాడే బ్యాంకుకు వెళ్లి కట్టేయడం. అంతకుమించి వాడితే ఒట్టు.

"సబ్బుకి అప్పు చేసే మనిషిని నిన్నే చూశాను నాన్నా" అంది కూతురు, అద్దం తుడుస్తూ.

"నవ్వు, నవ్వు. మచ్చ పోవాలంటే సబ్బే కదా వాడాలి" అని మేస్త్రీ చేతులు దులుపుకుని బయల్దేరాడు.

బ్యాంకులో కౌంటర్ దగ్గరున్న ఆవిడ చూడగానే నవ్వింది. "బిల్లింకా రాలేదండీ మేస్త్రీగారూ."

"వచ్చేదాకా ఆగితే నిద్ర పట్టదమ్మా."

ఆవిడ కంప్యూటర్‌లో ఏదో చూసి, "మీ స్కోరు సరిపోయింది. సోమవారం కాగితాలు తీసుకురండి, లోను వస్తుంది" అంది. మేస్త్రీ మరోసారి చెప్పించుకుని విన్నాడు. ఆ సంతోషంలో చేతిలో ఉన్న సబ్బు డబ్బులు కట్టకుండానే జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "సోమవారం. ఈసారి ప్రతి ముక్కా చదివాకే సంతకం" అన్నాడు. కూతురికి కళ్లు చెమర్చాయి. అది నాన్నకు కనబడనీయకుండా కోత మీదికి వంగింది. కాసేపటికి, "అంచు సరిగ్గా వచ్చిందా నాన్నా?" అని అడిగింది. గోడకు ఆనుకున్న మేస్త్రీ పలకలేదు. కునుకు తీస్తున్నాడనుకుంది. మరో రెండు పలకలు కోశాక వెళ్లి భుజం తట్టింది. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

మరుసటి వారం ఆమె బ్యాంకుకు వెళ్లింది. యజమాని అప్పటికే వేరేవాళ్ల దగ్గర బయానా తీసుకున్నాడు.

"సబ్బు డబ్బులేగా, డిపాజిట్‌లో మినహాయించుకుంటాంలేమ్మా" అంది కౌంటర్ దగ్గరి ఆవిడ.

"వద్దండీ. కట్టించుకోండి. ఆయన పేరు మీద బాకీ ఉండకూడదు."

ఆవిడ డబ్బు తీసుకుని రసీదు ఇచ్చింది. "లోను ఆయన పేరు మీదే కదమ్మా, మీకు ఇవ్వలేం. మీరు ఇంతవరకు ఏ అప్పూ చేయలేదు, మీకంటూ స్కోరే లేదు."

"మచ్చ కూడా లేదు కదండీ. నామినీని నేనే కాబట్టి ఆ డిపాజిట్ నాకే వస్తుంది కదా, దాని మీద నాకో కార్డు ఇప్పించండి."

ఫారం ఇచ్చారు. వెనక నిలబడ్డవాళ్లు గొణుగుతున్నా ఆమె రెండువైపులా మొదటినుంచి చివరిదాకా చదివి, అప్పుడు సంతకం పెట్టింది. కౌంటర్ మీద ఆమె తిరిగి ఇచ్చేసిన నాన్న కార్డు ఉంది, అంచుల్లో సన్నటి గాజు పొడితో.