ఎర్త్ క్లిప్పు

ఆదివారం కాఫీ గ్లాసు కింద పెట్టగానే డ్రాయింగు మాస్టారు పెరటి షెడ్డులోకి దూరేవారు. నల్ల కళ్లద్దాలూ తోలు తొడుగులూ వేసుకుని, ఇనప రేకు మీద సుద్దతో బొమ్మ గీసి, ప్లాస్మా కటరు మీట నొక్కేవారు. నీలం మంట రేకుని వెన్నలా కోసుకుంటూ పోయేది. వారమంతా పిల్లల చేత కుండలూ అరటిపళ్లూ గీయించే మనిషికి ఆ రెండు గంటలే ప్రాణం.

కోత అన్నాక గీత మందాన ఇనుము మంటకి పోతుంది. ఈ ఇంట్లో ఇనుముతో పాటు ఇల్లూ పోయేది. కరెంటు తిరిగి పోవడానికి తగిలించే మిషను ఎర్త్ క్లిప్పు దేన్ని కరుచుకుంటే దాంట్లోంచి అంత మందం తరిగేది. మాస్టారు దాన్ని తగిలించే బల్ల కాళ్లేమో ఇంటి పునాదిలో ఉన్నాయి. ఏళ్ల తరబడి ఇల్లు సన్నబడుతూ వచ్చింది. బీరువా అమ్మేశారు. భార్యాభర్తలు తమ మంచం తీసేసి చాపలు వేసుకున్నారు. పక్కింటివాళ్లు తమకి కలిసొచ్చిన జాగాలో చిక్కుడుపాదు పెట్టి, కాసినప్పుడల్లా మర్యాదగా నాలుగు కాయలు ఇచ్చిపోయేవారు.

మాస్టారి భార్య టైలరు. నెలకోసారి గుమ్మాలకి టేపు పెట్టేది.

"అమ్మ గది గుమ్మం ఇరవై మూడంగుళాలకి వచ్చిందండీ. ఇక ఆ మిషను ముట్టుకోనని నా మీద ఒట్టెయ్యండి."

ఒట్టేశారు. మూడు వారాలు మాట మీద ఉన్నారు కూడా.

చెడగొట్టింది ఆ గదిలో ఉండే అత్తగారు. కిటికీకి వేలాడదీసుకోవడానికి కొంగ కావాలంది. "రెక్కలు విప్పుకున్నది కావాలి బాబూ. దానికి చెప్పకులే," అని కూతురి వైపు కన్ను గీటింది.

మాస్టారు చేసేదాన్ని పిచ్చి అనకుండా పని అన్నది ఈ భూమ్మీద ఆవిడొక్కతే. ఎలా కాదంటారు? భార్య దారాలు కొనడానికి బజారుకెళ్లిన పూట కూర్చుని కోశారు. ఈకకో గీత. రెండంగుళాలు పోయాయి.

వారం తిరక్కుండా అత్తగారు గదిలోనే కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. చూడ్డానికొచ్చిన డాక్టరు ఇవాళే ఆపరేషను చెయ్యాలన్నాడు. ఆలస్యమైతే మనిషి దక్కదని, ఒరిగించకుండా పడుకోబెట్టే తీసుకురమ్మని మరీ మరీ చెప్పాడు.

అంబులెన్సు వాళ్లు గుమ్మం దగ్గర ఆగిపోయారు. స్ట్రెచరు ఇరవై రెండు. గుమ్మం ఇరవై ఒకటి.

గోడ పగలగొడదామని గునపం తెచ్చారు. ఇన్నేళ్లుగా లోపలికి ముడుచుకుని బిగుసుకున్న గోడ అది, గునపమే వంగింది. ఇక మిగిలింది ఇనప ద్వారబంధం. దాన్ని కోసి తీసేస్తే అటూ ఇటూ రెండేసి అంగుళాలు వస్తాయి.

"పోయిన నెల ఇరవై మూడు," అంది భార్య, టేపు మీంచి చూపు తిప్పకుండా.

"కొంగని కోశాను," అన్నారు మాస్టారు. సిగ్గుతో తలెత్తలేకపోయారు.

"ఇప్పుడు ఇదీ కోస్తే గది ఇంకా ముడుచుకుంటుంది కదండీ! లోపల అమ్మ ఉంది!"

గదిలో మూలుగు ఆగింది. "అతన్నేమీ అనకే, నేనే అడిగాను. ఇప్పటికే గోడలు రెండు పక్కలా మంచాన్ని తడుముతున్నాయి. ఇంకో వేలెడు జరిగితే నామీదికే వస్తాయి."

మాస్టారు మిషను లాక్కొచ్చారు. ఎర్త్ క్లిప్పుని తన ఎడమ మణికట్టుకి తగిలించుకుని, ఆ చేత్తో ద్వారబంధాన్ని పట్టుకున్నారు. "ఏమండీ!" అని భార్య అరిచేలోపు మీట నొక్కేశారు.

పాతకాలపు దిట్టమైన ఇనుము, ఒక కోతకి లొంగలేదు. ఎన్నిసార్లు మంట పోనిచ్చారో ఆయనకే తెలీదు. నిప్పురవ్వలు గదంతా చిమ్మాయి. గోడ వెంట్రుకంత కూడా జరగలేదు. మాస్టారి చొక్కా మాత్రం పొట్ట దగ్గర కొంచెం కొంచెంగా లోపలికి పోయి, చివరికి ముందు గుడ్డా వెనక గుడ్డా ఒకదానికొకటి అంటుకున్నాయి.

ఊడిన ద్వారబంధాన్ని పక్కకి లాగి, అంబులెన్సు వాళ్లు స్ట్రెచరు లోపలికి పోనిచ్చారు. బయటికి తెస్తుంటే అత్తగారు అటూ ఇటూ వెతుక్కుంది.

"అల్లుడేడే? కత్తి పెట్టే ముందు ఒక్కసారి చూసుకుంటాను."

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మాస్టారు స్ట్రెచరు పక్కనే, కడ్డీ పట్టుకుని నడుస్తున్నారు. పడుకున్న ఆవిడకి అక్కడ గాలిలో నిలువుగా ఒక గీత తప్ప ఏమీ కనబడలేదు.

"ఇక్కడే ఉన్నానత్తయ్యా," అంటూ ఆయన ఆవిడ వైపు తిరిగారు.