అక్షరం లేని రాయి

అతుకులమ్మ సమాధిరాయి మీది నాచును వెదురుపుల్లతో గీకుతోంది. ఇనప బ్రష్షు ముట్టదు, అక్షరం అరిగిపోతుందని. రెండు ముక్కలైన పలకను సున్నం, ఇసుక కలిపిన ముద్దతో పొద్దున్నే అతికింది. ఇప్పుడు చేతి అద్దంతో ఎండను ఏటవాలుగా రాయి మీదికి మళ్ళించింది. నున్నగా ఉందనుకున్న చోట సన్నటి నీడలు లేచాయి. ఒక మనిషి పేరు, కింద తండ్రి పేరు.

రోడ్డు పనుల సూపర్‌వైజరు వంగి చదివి, రాయి నెత్తిన నీలం చుక్క పెట్టాడు. అక్షరం కనపడి చుక్క పడిన రాయి, కింది బుట్టెడు మట్టితో సహా, ఊరవతల కొత్త స్థలానికి వెళుతుంది. పడనిది రోడ్డు కిందికి పోతుంది. యంత్రాలు రేపు పొద్దున్నే వస్తాయి.

పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడకు ఇదే లోకం. మొగుడు సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు, ఆవిడ విరిగినవి అతికేది. "మీరు రాసి మర్చిపోతారు, అతకలేక నా చావు నేను చస్తాను" అని ఆయన్ని ఆటపట్టించేది. లేని అక్షరం మాత్రం ఏ రాయి మీదా పెట్టి ఎరగదు. ఒక్కటి దొంగదని తేలితే మిగతావాటినీ ఎవరూ నమ్మరు. నిన్న ఒకాయన వచ్చి, అక్షరం లేని తాత సమాధి మీద పేరు చెక్కిపెట్టమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. కుదరదని పంపేసింది. రాత్రంతా ఆ మనిషి మొహమే కళ్ళముందు మెదిలింది.

ఎందుకంటే మూలన, మోకాలెత్తున, ఆవిడ కూతురి రాయి కూడా బోసిదే. పిల్ల పుట్టినప్పుడు ఆవిడ ఒక పేరంది, ఆయన ఇంకో పేరన్నాడు. ఇద్దరూ మొండిఘటాలే. పంతం తెమలకముందే పిల్లకు జ్వరం వచ్చింది. ఆ తరవాత ఆ రెండు పేర్లూ ఇంట్లో ఎవరూ పలకలేదు. మళ్ళీ పిల్లలు పుట్టలేదు.

"నాకూ పిల్లలున్నారు పెద్దమ్మా," అన్నాడు సూపర్‌వైజరు, ఆవిడ చూపు ఎటు పోతోందో గమనించి. "కానీ అక్షరం లేని రాయిని సమాధి అని నేనెలా చూపించను? అందరికీ ఒకటే మాట కదా."

ఆవిడ తల ఊపింది. అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి మొగుడికి జావ తాగించింది. చలి మొదలైనప్పటి నుంచీ ఆయన మంచం దిగలేదు.

"ఏమండీ, ఇవాళ చుక్క పడకపోతే మన పిల్ల రోడ్డు కిందికే. మీరన్న పేరే చెక్కుతాను. అక్షరాలు ఎట్లా మొదలెట్టాలో చెప్పండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఏమీ చెక్కకు."

ఆవిడకు ఒళ్ళు మండింది. "ఇంకా పంతమేనా? ఊళ్ళోవాళ్ళకి కుదరదన్న నోటితోనే నా రాయి మీద దొంగ అక్షరం పెడతానంటున్నాను. దానికి కూడా ఒప్పుకోరా?"

"అది కాదే. రాయి పీకు. మట్టిలో ఉన్న భాగం చూడు."

"ఏముందక్కడ?"

"చూసొచ్చి తిట్టు," అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సమాధుల దగ్గరికి తిరిగొచ్చి, పిల్ల రాయి పక్కన గడ్డపార వేస్తే నేల తేలిగ్గానే వదిలింది. రాయిని వెల్లకిలా పడుకోబెట్టి, తడిగుడ్డతో మట్టి తుడిచింది. నేలలో దిగిన భాగమంతా ఆయన చేతి అక్షరాలు, లోతుగా, ఒద్దికగా. ఎండావానా తగలలేదేమో, నిన్న చెక్కినట్టున్నాయి. అద్దం అవసరమే లేకపోయింది.

ఆవిడ పెట్టాలనుకున్న పేరే.

ఇన్నేళ్ళూ మూతి బిగించుకుని నెగ్గినవాడిలా తిరిగిన మనిషి, పిల్లను పూడ్చిన రోజే ఓడిపోయి, ఆ సంగతి మట్టిలో దాచిపెట్టాడు. ఆవిడ అక్షరాల మీద చెయ్యి వేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆయన మీద కోపం, జాలి, ప్రేమ అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

సూపర్‌వైజరు వచ్చి చదివాడు. "తలకిందులుగా పాతాల్సి వస్తుంది, పెద్దమ్మా."

"పాతండి బాబూ. పేరు పైకి కనపడితే చాలు."

చుక్క పడింది. బుట్టలోకి మట్టి ఆవిడే చేతులతో ఎత్తింది. లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, తరవాత గబగబా ఇంటిదారి పట్టింది. చెప్తే మీ సొమ్మేం పోయేదని అడగాలి. అడిగి, పక్కన కూర్చుని, ఇంకో గ్లాసు జావ తాగించాలి.

వీధి మొదట్లోనే ఆగలేక పిల్ల పేరు పైకి అనేసింది. అందరు ఆడవాళ్ళూ మొగుళ్ళను పిలిచినట్టు, ఆ పేరు ముందు పెట్టి, "వాళ్ళ నాన్నా" అని కేకేసింది. జన్మలో మొదటిసారి.

పలుకు లేదు. ఆయన మంచం మీద లేడు. గుమ్మానికి చేరగిలబడి, తల వాల్చేసి ఉన్నాడు. భుజం మీద బయటికి వెళ్ళేటప్పుడు వేసుకునే కండువా ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాడు. రెండోది మెట్టు మీద, వీధివైపు తిరిగి ఉంది.