మూడు నిమిషాల ఆక్టోపస్

గిన్నెలు తోమడం అయింది. ఇక సముద్రాన్ని కడగాలి. ప్రతి ఆదివారం సాయంత్రం ఆవిడకు ఈ రెండో విడత అంట్లు తప్పవు. రెండు రబ్బరు సూట్లు, రెండు జతల కాలి రెక్కలు, కళ్ళద్దాలు, గాలి గొట్టాలు, అన్నిటినీ ఉప్పు వదిలేదాకా మంచినీళ్ళలో నానబెట్టి నీడన ఆరేయాలి. ఆఖరున కెమెరా పెట్టె. దాని మూత చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద ఒక్క వెంట్రుక మిగిలినా చాలు, నీళ్ళు లోపలికి పోయి కెమెరా చచ్చి ఊరుకుంటుంది. అందుకని వేలికొసతో తడిమి తడిమి తుడవాలి. "ఇలాంటివి నీ చేతికే కుదురుతాయి, నాకంత ఓపికెక్కడిది?" అంటాడు మొగుడు, హాల్లో కాళ్ళు బారజాపుకుని. మెచ్చుకోలో, పని అంటగట్టడమో తేలని మాటలు ఆయన దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి.

వింత చూడండి, ఆ కెమెరా ఆవిడ పుట్టినరోజుకి ఆయనిచ్చిన కానుక. నలభై ఐదో ఏట ఆయనకు డైవింగు పిచ్చి పట్టింది. నీళ్ళలోకి ఒంటరిగా దిగనివ్వరు, జోడీ ఉండాలి, కాబట్టి జోడీకి పెళ్ళాం. దిగాక ఆయన ఘనకార్యాన్ని ఎవరో ఒకరు వీడియో తీయాలి, కాబట్టి పెళ్ళానికి కెమెరా. "నీకిష్టమని కొన్నా" అన్నాడు. ఆవిడ ఎప్పుడంది ఇష్టమని? ఖర్మ ఏమిటంటే, తర్వాత నిజంగానే ఇష్టమైంది.

వారమంతా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. రోగి నోట్లోకి లైటు పట్టాలి, ఉమ్ము పీల్చే గొట్టం పట్టాలి, "కదలనివ్వకు" అని డాక్టరు గదమాయిస్తే బొమ్మలా నిలబడాలి. నొప్పి తగ్గినవాళ్ళు డాక్టరుకు థాంక్స్ చెప్పి, ఆవిడని కుర్చీతో సమానంగా చూసి వెళ్ళిపోతారు. సెలవురోజున నీళ్ళకింద మొగుడికి కెమెరా పట్టాలి. ఎక్కడికెళ్ళినా పట్టడమే ఆవిడ ఉద్యోగం.

మొదట్లో తీసినవి చూడలేకపోయారు. బొమ్మ నిలవదు, అంతా నీలం, ఆకుపచ్చ, ఇసుక పొగ. పారిపోయే చేపల తోకలు, ముందుకు పోయే మొగుడి కాళ్ళు. "ఏమ్మా, మావాడి మొహమే కనబడదే? అంత పచ్చగా ఉన్నాడేంటి, తిండి సరిగ్గా పెడుతున్నావా?" అని అత్తగారు ఫోన్లో నిలదీసింది. ఇంటికొచ్చిన స్నేహితుల ముందు ఆయన, "మా ఆవిడ తీస్తే చేపలక్కూడా కళ్ళు తిరుగుతాయి" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే, తనూ నవ్వినందుకు.

డైవింగు నేర్పే మనిషిని అందరూ కోచ్ అక్క అంటారు. అరవై దాటింది, నోరు పెద్దది. ఓ రోజు పడవ బల్ల మీద ఆ వీడియోలన్నీ చూసి, "ఆయన మొహం తీద్దామని వెనక్కి ఈదుతున్నావా? సీనియర్లకే చేతకాదే అది! అందుకే నీ గాలి అందరికన్నా ముందు అయిపోతోంది" అంది. తర్వాత ఆవిడ మొహంలోకి చూసి, "తీసేటప్పుడు ఊపిరి బిగబడుతున్నావా?" అని అడిగింది.

"అవునక్కా. బొమ్మ కదలకూడదని."

"చస్తావే! నీళ్ళకింద ఊపిరి బిగబట్టకూడదని మొదటిరోజే చెప్పానా లేదా? అలాగే పైకి తేలితే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. ఎక్కడ పట్టుకున్నావ్ ఈ అలవాటు?"

ఎక్కడేమిటి, ఇంట్లోనే. పెళ్ళయిన కొత్తలో మామగారు పేపరు చదువుతుంటే గాజుల చప్పుడు కూడా కాకుండా నడిచింది. మొగుడు ఆఫీసు నుంచి మొహం ముడుచుకుని వస్తే, ఏ మూడ్‌లో ఉన్నాడో తేలేదాకా వంటింటి గుమ్మంలో నిలబడింది. నలతగా ఉందని చెబితే "మళ్ళీ మొదలెట్టావా" అంటాడని జ్వరంతోనే వంట చేసింది. జీతం పెంచమని అడగడానికి డాక్టరు గదిలోకి వెళ్ళి, "ఏమిటి?" అనగానే "ఏం లేదు సార్" అని వచ్చేసింది. ఇరవై రెండేళ్ళుగా బిగబట్టిన ఊపిరి అది. ఇంతకాలం అది ఓర్పు అనుకున్నారు, తనూ అనుకుంది. ప్రాణం మీదికొచ్చే తప్పని చెప్పినవాళ్ళు లేరు. ఆ రోజు పడవలో ఆవిడకు కోచ్ అక్క మీద కోపం రాలేదు. మిగతా అందరి మీదా వచ్చింది.

అక్కడి నుంచి పట్టుబట్టి నేర్చుకుంది. ప్రతి గురువారం పని కాగానే ఈతకొలనుకు పోయేది. కోచ్ అక్క నీళ్ళ అడుగున ఓ చెంచా పడేసేది. దానికి మూరెడు పైన, దాన్ని తాకకుండా, పైకి తేలిపోకుండా, నెమ్మదిగా ఊపిరి తీస్తూ వదుల్తూ ఆగాలి. మొదటివారం పది సెకన్లు కూడా ఆగలేకపోయింది. రెండు నెలలకు మూడు నిమిషాలు ఆగింది. "చేప వెంట పడకు. నువ్వు ఆగితే అదే వస్తుంది. జూమ్ ముట్టుకోకు, నువ్వే దగ్గరికి వెళ్ళు. లోతుకు పోయేకొద్దీ ఎరుపు పోతుంది, అందుకే దిగగానే తెల్లపలక చూపించి, ఇదీ తెలుపు అని కెమెరాకి చెప్పు" అనేది అక్క. ఇంట్లో మాత్రం మొగుడు, "గురువారాలు చపాతీలు చల్లారిపోతున్నాయి" అనేవాడు. నేర్చుకుంటున్నది తనని బాగా తీయడానికే అనుకుని ఊరుకున్నాడు, పాపం.

ఒక ఆదివారం, ఆయన కోచ్ అక్క కళ్ళెదుటే రాతి చుట్టూ చక్కర్లు కొడుతుంటే, ఆవిడకు ఇసుకలో ఒక గవ్వ కదిలినట్టు కనిపించింది. ఆగింది. గవ్వ కింద పిడికెడు ఆక్టోపస్. ఆవిడని చూసి, తలుపేసుకున్నట్టు గవ్వని మీదికి లాక్కుంది. ఆవిడ కదల్లేదు. కాసేపటికి ఒక కన్ను బయటికొచ్చింది. తర్వాత ఒక చెయ్యి. ఇసుకరంగులో ఉన్న ఒళ్ళు మెల్లగా ఎర్రబడింది. మూడు నిమిషాలు, ఒక్క కుదుపు లేదు. మర్నాడు క్లినిక్కులో భోజనాల వేళ కెమెరా చిన్న తెరమీదే ఏడుసార్లు చూసుకుంది. గురువారం కొలను దగ్గర కోచ్ అక్క చూసి భుజం మీద ఒక్కటి చరిచింది. "శనివారం సాయంత్రం క్లబ్బులో కొత్తవాళ్ళకి ఇది వేద్దాం. ఎలా తీశావో నువ్వే నిలబడి చెప్పాలి." పెళ్ళయ్యాక ఆవిడని నలుగురిలో నిలబడి మాట్లాడమన్నవాళ్ళు లేరు.

శుక్రవారం సాయంత్రం చూస్తే కెమెరా కార్డులో ఆక్టోపస్ లేదు. ఆయన ఆఫీసు ఫంక్షన్ ఉంది, గంటన్నర.

"కార్డు నిండిపోయిందోయ్, అక్కర్లేనివి తీసేశా. నేనున్నవన్నీ లాప్‌టాప్‌లో దాచాన్లే, కంగారుపడకు" అన్నాడు.

"ఒక్కమాట అడగొచ్చుగా?"

"ఓ జంతువు కోసం ఇంత రాద్ధాంతమా? అది ఎక్కడికి పోతుంది, మళ్ళీ తీసుకో."

ఆవిడకు ఏడుపు రాలేదు. అక్కర్లేనివి అన్నాడు! ఎవరికి?

మర్నాడు క్లబ్బు మెట్లెక్కుతూ ఆయన గొంతు తగ్గించి, "కార్డు పాడైందని చెప్పు. ఇంటి సంగతులు నలుగురిలో ఎందుకు? నా వీడియో ఒకటి తెచ్చా, బదులు అది వేద్దాం. తీసింది నువ్వేగా" అన్నాడు. ఎంత తేలిగ్గా చెప్పాడో! ఆయన తప్పించుకున్న పెళ్ళిళ్ళకి ఆవిడే జ్వరం అని చెప్పింది. మర్చిపోయిన మాటలకి తనే గుర్తుచేయలేదని చెప్పింది. స్నేహితుల మీద విసుక్కుంటే ఒంట్లో బాగాలేదని సర్దింది. ఇదీ వాటిలో కలిసిపోతుందని ఆయన ధీమా.

హాల్లో పాతికమంది ఉన్నారు. కోచ్ అక్క ముందుగా ఆవిడని పిలిచింది. ఆవిడ తెర పక్కన నిలబడింది. మొదటి వరసలో మొగుడు చెప్పమన్నట్టు తలాడించాడు.

"నా వీడియో లేదండీ" అంది ఆవిడ. "మూడు నిమిషాలు తీశాను. బాగా తీశాను. మా ఆయన అక్కర్లేదని చెరిపేశారు. కార్డు పాడైందని చెప్పమన్నారు. కార్డు బాగానే ఉంది."

ఆయన గట్టిగా నవ్వి, "మా ఆవిడకి జోకులెక్కువ" అన్నాడు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు.

"అక్కా, రేపటి నుంచి నాకు జోడీ మార్చండి" అంది ఆవిడ.

"నాతో దిగు" అంది కోచ్ అక్క.

ఆయన లేచి నిలబడ్డాడు. చెరిపేసిన సంగతి ఎత్తలేదు. మెట్ల మీద నేర్పిన అబద్ధం సంగతీ ఎత్తలేదు. పాతికమంది వింటుండగా, నిజంగా అర్థంకాక అడిగాడు:

"మరి నన్నెవరు తీస్తారు?"

దానికి జవాబు వెతికిపెట్టే పని తనది కాదని ఆవిడకు మొదటిసారి తోచింది. కోచ్ అక్క పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుని, తర్వాతి వాళ్ళని పిలవమంది.