ఏడో గుంత దగ్గర సున్నం

నల్లబండ సైనిక స్థావరంలో రెండు గోల్ఫ్ మైదానాలున్నాయి. పాతది ఇంగ్లీషు దొరలు వేసుకున్నది. అప్పట్లో అక్కడ గడ్డి ఎక్కడిది? ఇసుకలో పాత ఇంజను నూనె కలిపి, రోలరు తొక్కించి, నున్నగా చేసిన గుండ్రం మధ్య గుంత పెట్టి ఆడుకునేవాళ్లు. తొమ్మిది గుంతలు. కొత్తది తూర్పున, గుట్ట చుట్టూ తిరుగుతుంది. అదీ తొమ్మిదే. అక్కడ యాభై ఏళ్ల కిందట బస్తీ ఉండేది. ఇప్పుడు రెండూ కలిపి పద్దెనిమిది గుంతల మైదానం చేస్తున్నారు. ఆ సంబరానికి చరిత్ర, పటం, రంగు ఫోటోలతో ఓ పుస్తకం. అందులో బస్తీ గురించి ఒక్కటే వాక్యం: "తూర్పున ఖాళీ నేలను చదును చేశారు." ఖాళీ నేలట! మరి ఆనాడు లారీల్లో ఎక్కించింది మనుషులను కాదా?

ఆ వాక్యం టైపు చేసింది ఫరీదా. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, రెండో అంతస్తులో ఉన్న ఫణీంద్ర డీటీపీ షాపులో ఆమె డిజైనర్. ఆమె నాయనమ్మ రుఖియా బీ గోరీ ఆ కొత్త మైదానంలోనే ఉంది, ఏడో గుంతకు ఎడమ పక్క, గుట్ట కింద. బస్తీ పోయింది, గోరీ మిగిలింది. ఏటా చనిపోయినవాళ్లను తలుచుకునే షబే బరాత్ ముందు ఒక్క పూట గేటు తీస్తారు. ఫరీదా తండ్రి హైదర్ పంజాగుట్ట నుంచి సున్నం డబ్బా పట్టుకుపోయి తల్లి గోరీకి పూసి వస్తాడు.

సోమవారం పుస్తకానికి ఫోటోలు వచ్చాయి. ఏడో గుంత ఫోటోలో గోరీ చుట్టూ గుండ్రంగా తెల్ల గీత. ఫోన్‌లో చూపిస్తే హైదర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"చూసినవా బేటీ! ఫౌజోళ్లే సున్నమేసిన్రు. ఈసారి నాకు తక్లీఫ్ లేకుండ చేసిన్రు."

గల్లీ అంతా చెప్పుకున్నాడు.

బుధవారం పటంలోని గుర్తులకు వివరణ వచ్చింది. నీలం: నీళ్ల గుంట. పసుపు: ఇసుక. తెల్ల గీత: మరమ్మతు నేల. ఆ చివరిది ఏమిటని ఫరీదా ఫణీంద్రను అడిగింది.

"గోల్ఫ్‌లో అదో రూలమ్మా. అక్కడ తవ్వకం ఉందని గీత గీస్తారు. బంతి పడితే తీసి పక్కన పెట్టుకోవచ్చు. ఏంటి, అలా అయిపోయావ్?"

ఆమె నాయనమ్మ గోరీ సంగతి చెప్పింది. ఫణీంద్ర గుమ్మం వైపు చూశాడు. "క్లబ్బు నుంచి విజయేందర్ గారు వచ్చే టైమైంది. ఆయన ముందు ఏం మాట్లాడకమ్మా. నేను తర్వాత అడుగుతాలే."

తర్వాత! తవ్వేవాళ్లకు ఇలాంటి మంచివాళ్లే కావాలి.

విజయేందర్ వచ్చాడు. రిటైరైన సుబేదారు, క్లబ్బు కార్యదర్శి, నవ్వుముఖం. "నల్లబండ పటం చూపియ్యుండ్రి" అంటుండగానే వెనక మెట్లెక్కి వచ్చాడు హైదర్, కూతురు మరిచిపోయిన టిఫిన్ డబ్బాతో. నల్లబండ మాట చెవిన పడగానే డబ్బా కింద పెట్టి విజయేందర్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నల్లబండ సాబులా మీరు? మా అమ్మకు సున్నం ఏయించిన్రు. అల్లా మిమ్మల్ని సల్లగ సూడాలె."

"ఏ సున్నం చాచా?"

"ఏడో గుంత కాడ, గుట్ట కింద. ఆ గోరీ మా అమ్మదే సాబ్."

విజయేందర్‌కు అర్థమైంది. ఆ సంగతి ముఖంలో ఒక్క క్షణం కనిపించింది కూడా. తర్వాత నవ్వాడు. "గంతే గద చాచా. పెద్దోళ్లను జర ఇజ్జత్‌తోని చూడాలె."

ఆ కృతజ్ఞతను తీసేసుకున్నాడు. చేతులైనా వెనక్కి లాక్కోలేదు.

ఆపైన ఫరీదా కుర్చీ వెనక నిలబడి స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "గీ తెల్ల గీత తీసెయ్ బేటీ. నీలం నింపు. పుస్తకం వచ్చేటాల్లకు అది నీళ్ల గుంట అయితది."

ఫరీదా మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"నీలమెందుకు?" అన్నాడు హైదర్.

కింద వీధిలో ఎవరో జావా క్లాసు కరపత్రాలు పంచుతూ అరుస్తున్నారు.

"అబ్బాజాన్, అది సున్నం కాదు," అంది ఫరీదా. "తవ్వేటందుకు గీసిన గీత."

హైదర్ నవ్వబోయాడు. కూతురి ముఖం చూసి ఆగిపోయాడు. విజయేందర్ వైపు తిరిగాడు.

"ఎప్పుడు సాబ్?"

"పొద్దుగాల తవ్వే మిషన్ లోపలికి పోయింది చాచా. ఆర్డర్ నాది గాదు."

"ఎంత లోతు?"

"ఎక్కువేం లేదు. తొమ్మిది ఫీట్లు."

తల్లిని తన చేతులతో కిందికి దింపినవాడు హైదర్. ఆ గొయ్యి లోతు ఎంతో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"గేటుకు ఫోన్ చెయ్యుండ్రి సాబ్. నన్ను పోనియ్యమనుండ్రి. మా అమ్మ బొక్కలన్న ఏరుకుంట."

"లోపల పని నడుస్తుంది. బయటోళ్లకు పర్మిషన్ లేదు చాచా. దరఖాస్తు పెట్టుకో."

ఫరీదా నీలం నింపలేదు. గీత మధ్యలో 'రుఖియా బీ గోరీ' అని టైపు చేసి లేచి నిలబడింది.

"అది తీసెయ్యమ్మా, ప్లీజ్," అన్నాడు ఫణీంద్ర.

"మీరు తీయండి సార్."

ఫణీంద్ర కదల్లేదు.

విజయేందర్ కోప్పడలేదు. కోపంతో అవసరమున్నవాడు కాదు. పటం ఉన్న క్లబ్బు పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు. "అమీర్‌పేటల కంప్యూటర్లకు కరువా అన్నా?" అనేసి మెట్లు దిగి, ఎదురు బిల్డింగు మెట్లెక్కాడు.

తండ్రీకూతుళ్లు నల్లబండ గేటుకు పోదామని మెట్రో స్టేషనుకు ఉరికారు. వాళ్లు టికెట్ల వరుసలో ఉండగానే, ఎదురు షాపులో ఇంకో డిజైనర్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఏడో గుంత పక్కన నీలం నింపేశాడు. అందంగా ఉంటుందని అంచుల వెంట నీడ కూడా వేశాడు.