అందరూ అంటే ఎవరండీ?

నేను చెప్పే జావా ప్రోగ్రామింగ్ క్లాసులో నాకు ఒళ్లు మండేది ఒక్కందుకే. పేర్లన్నీ చేతిలో ఉన్నా సరే, పిల్లలు లిస్టులోకి యాడ్, యాడ్ అంటూ ఒక్కొక్కటే ఎక్కిస్తారు.

"ఎందుకయ్యా ఆ చాకిరీ? చోటు చాలనప్పుడల్లా ఆ లిస్టు పెద్ద ఇల్లు చూసుకుని సామానంతా మోసుకెళ్లాలి. ఎంతమందో ముందే చెప్పండి. యాడ్‌ఆల్ అనండి. ఒక్క దెబ్బకి అందరూ లోపల!"

గవర్నర్‌పేటలో మా ఇన్‌స్టిట్యూట్‌లో నవాజ్ సార్ టైము దండగ చేయడని నాకు పేరు. హాజరు కూడా ఆఫీసులో అమలమ్మకే వదిలేశాను.

రెండు వేల మూడు రంజాన్‌లో నాకో కోరిక పుట్టింది. అమ్మ పోయాక వించిపేట ఇంట్లో ఒక్కడినే ఉపవాసం విడుస్తున్నాను. ఖర్జూరం అందించి "తీసుకోండి" అనడానికి ఎదురుగా మనిషి లేడు. ఒక్క సాయంత్రమైనా ఆ ఇల్లు నిండాలనిపించింది. పాఠం అయ్యాక బోర్డు మీద రాశాను: రేపు మా ఇంట్లో ఇఫ్తార్, అందరూ రండి. కింద అడ్రసు. పని అయిపోయింది.

మర్నాడు క్లాసంతటికీ బిర్యానీ వండించాను. అజాన్ వినిపించింది. వీధి మలుపు దాకా వెళ్లి చూసొచ్చాను. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఖాళీ ప్లేట్ల మధ్య కూర్చుని ఖర్జూరం తింటుంటే ఏడుపొచ్చింది, దాచడమెందుకు. బిర్యానీ మసీదుకి పంపేశాను.

పొద్దున క్లాసులో కోపం ఆగలేదు.

"ఏం, మా ఇంటి తిండి పనికిరాదా మీకు?"

అందరూ తలలు దించుకున్నారు. ముందు బెంచీలోంచి సింధూరి లేచింది. రోజూ డౌట్లతో నా ప్రాణం తీసే కంకిపాడు పిల్ల.

"అదేంటి సార్! మీరు నన్ను పిలవలేదు కదండీ."

"అందరూ రండి అని రాశానుగా!"

"అందరూ అంటే ఎవరోలే అనుకున్నానండి. మా ఇంట్లో పక్కింటివాళ్లనైనా గుమ్మంలోకెళ్లి పేరుపేరునా పిలుస్తారు. పిలవకుండా ఎట్లా వస్తామండీ?"

నా కోపం చప్పున చల్లారింది. అమ్మ కూడా అంతే. విందంటే ఇంటింటికీ తిరిగి పిలిచొచ్చేది.

"సింధూరీ, రేపు ఇఫ్తార్‌కి మా ఇంటికి రామ్మా."

"తప్పకుండా వస్తానండి!"

హమ్మయ్య అనుకుని పక్క కుర్రాడి వైపు తిరిగాను. వాడు అప్పటికే నవ్వుతూ సగం లేచి నిలబడ్డాడు, నా పిలుపు కోసం. నోరు తెరిచాను. రెండు నెలలుగా వాడికి పాఠం చెబుతున్నాను. వాడి పేరు నాకు తెలీదు.