పసుపు పట్టిన పెట్టె

ఇంట్లో ఏది చెడిపోయినా మా ఆయన ముందు రెండు పనులు చేస్తాడు. కళ్లజోడు తుడుచుకుంటాడు, తప్పు చేసిన మనిషిని వెతుకుతాడు. వస్తువును చూడటం ఆ తరువాత, తీరిక దొరికితే. మిక్సీ ఆగితే తప్పు నాది. టీవీ ఆగితే కేబుల్ వాడిది. ఆయన బండి ఆగితే రోడ్డుది. ఇంతవరకు ఆ వెతుకులాటలో ఆయనకు ఆయన ఎప్పుడూ ఎదురుపడలేదు.

పేరు పాల్ రాజ్. మా చర్చి క్వయర్‌కు సెక్రటరీ. క్వయర్ పాటలు రికార్డు చేయడానికి మా దగ్గర ఒక పాత పెట్టె ఉంది. మైకును దానికి, దాన్ని కంప్యూటర్‌కు తగిలించాలి. పాత కంప్యూటర్ కాలం చేశాక కొత్త లాప్‌టాప్‌తో కూడా అది బుద్ధిగానే కాపురం చేసింది.

కోత పండుగ దగ్గర పడుతుండగా మా ఆడబిడ్డ దీవెన ఆ పెట్టెను తన ఊరు నవీపేట్ తీసుకెళ్లింది, అక్కడి ఆడవాళ్ల పాటలు రికార్డు చేసుకోవడానికి. దీవెన వాళ్లది పసుపు సేద్యం. పసుపు ఉడికించి ఆరబోసే రోజుల్లో వాళ్లింట్లో దిండు గలీబులు కూడా పచ్చగానే ఉంటాయి. పెట్టె తిరిగి వచ్చినప్పుడు దాని గుండీల సందుల్లోనూ అంత పసుపు ఉంది.

ఆ ఆదివారం ప్రాక్టీసులో పెట్టెను తగిలిస్తే ఆకుపచ్చ లైటు వెలిగింది కానీ, లాప్‌టాప్ తెరమీద చప్పుడు చూపే గీత కదల్లేదు. మా ఆయన వైరు మార్చాడు. వేరే రంధ్రంలో గుచ్చాడు. ఏదో సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. లాప్‌టాప్‌ను ఆపి లేపాడు. ఆ తరువాత కళ్లజోడు తుడుచుకున్నాడు. నాకు అర్థమైపోయింది.

“లోపలికి పసుపు బోయింది. నీకియ్యకుంటె మంచిగుండు దీవెనా. పాత సామాను, దాన్ని తీస్కపోయి పసుపు కొట్టంల పెడ్తవా?”

“కొట్టంల ఎందుకు పెడ్త అన్నా? బీరువాలనే పెట్టిన. నా కాడ మా కంప్యూటర్ల మంచిగనే పనిజేసింది.”

“మరి గిదేంది?” అని వేలు చూపించాడు. వేలి కొన పచ్చగా ఉంది.

క్వయర్ అంతా చూస్తోంది. నేను ఊరుకోవచ్చు. కానీ నలుగురు పోగయ్యారంటే నా నోరు నా మాట వినదు.

“పోనీండ్రి, పెట్టెకు పెండ్లి కుదిరినట్టుంది. మా ఆడబిడ్డ నలుగు పెట్టి పంపింది” అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. దీవెన కూడా నవ్వింది, పెదవులతో మాత్రం. పండుగ పాటలో మొదటి గొంతు ఎప్పుడూ ఆమెదే. తరువాతి ప్రాక్టీసుకు రాలేదు. గొంతు బాగాలేదని కబురు పంపింది. ఆ గొంతుకు ఏమైందో నాకు తెలుసు.

పెట్టె ఇంటికి తిరిగొచ్చి మా డైనింగ్ టేబుల్ మీదే పడి ఉంది, లాప్‌టాప్‌కు, మైకుకు వైర్లన్నీ తగిలించే. ఒకరోజు పప్పు కుక్కర్ విజిల్ వేసింది. పెట్టె మీద ఎర్రలైటు ఠక్కున వెలిగింది. మళ్లీ విజిల్, మళ్లీ ఎర్రలైటు. అంటే మైకు వింటోంది, పెట్టె వింటోంది. చెవుడు లాప్‌టాప్‌కే.

స్టవ్ ఆపి సెట్టింగులు తెరిచి కూర్చున్నాను. ఒకచోట మైక్రోఫోన్ వాడుకోవడానికి అనుమతి ఉందా అని ఉంది. లేదని ఉంది. బయటినుంచి ఏ పెట్టె ద్వారా చప్పుడు వచ్చినా లాప్‌టాప్‌కు అది మైకు కిందే లెక్కట. ఆ మీట జరపగానే తెరమీద గీత లేచి నిలబడింది.

సాయంత్రం ఆయన రాగానే అడిగాను. “గీ మైక్ ఎవరు బంద్ పెట్టిండ్రు?”

“నేనే. కంప్యూటర్లు ఇంట్ల మాటలన్నీ ఇంటున్నయని వాట్సాప్‌ల వచ్చింది. దీవెన పెట్టె తీస్కపోయిన దినాలల్లనే...” అని ఆగిపోయాడు.

“మనింట్ల ఇనేటంత మాటలేమున్నయి? పప్పుల ఉప్పెక్కువైందనా?”

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

“దీవెనకు ఫోన్ చేసి చెప్పుండ్రి.”

“పండుగ కానియ్యి. ఇప్పుడు అందరి ముంగట ఏం జెప్తం?”

“అన్నది అందరి ముంగట్నే గద.”

కళ్లజోడు తుడుచుకున్నాడు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఈ చిక్కు విప్పుకుంటూ పోతే చివర్న నా నలుగు మాట దొరుకుతుంది. మరునాడు నేనే దీవెనకు ఫోన్ చేశాను. పసుపు ఆరిందా, ఎండ బాగా కాస్తోందా అని అడిగి పెట్టేశాను. నలుగురిలో అంత నోరున్న దాన్ని, ఎండ గురించి మాట్లాడాను.

పండుగ రోజున చర్చి ముందు కానుకలన్నీ పేర్చారు. బోధన్ వైపువాళ్ల చెరకు గడలు, వడ్ల మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు. దీవెన తన గంప పసుపుకొమ్ములు పెట్టి, వెళ్లి చివరి వరుసలో కూర్చుంది. క్వయర్ పాడుతుంటే తల వంచుకుని ఉంది. ఆరాధన అయ్యాక ఆ కానుకల హర్రాజు. ఏటా వేలం పాడించేది మా ఆయనే, చేతిలో మైకుతో.

పసుపు గంప ఎత్తగానే ముందు వరుసలోంచి మా క్వయర్ వీరస్వామన్న మాట అందుకున్నాడు.

“పాల్ రాజూ, పెట్టెకు నలుగు పెట్టిన పసుపు గిదేనా? నా ఫోన్ జేబుల ఉంది, జర దూరం పట్టు!”

చర్చి ఘొల్లుమంది. దీవెన కొంగు ముఖం మీదికి లాక్కుంది. నా మాట వేరే నోట్లోంచి వినడం అదే మొదటిసారి. అందులో నవ్వేందుకు ఏమీ లేదు.

ఎలా లేచానో తెలియదు. “వీరస్వామన్నా, గా మాట పుట్టిచ్చింది నేను. నేను గట్ల అనొద్దుండె. దీవెన పసుపుతోని ఆ పెట్టెకు ఏం కాలె” అని మా ఆయన వైపు చూశాను.

అందరూ ఆయన వైపే చూశారు. కళ్లజోడు తీశాడు. తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. మైకు నోటి దగ్గర పెట్టుకుని ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి కానీ, ఒక్క ముక్క వినబడలేదు.

“ఏమంటున్నవ్? ఇనబడ్తలేదు!” వీరస్వామన్న అరిచాడు.

చివరి వరుసలో కొంగు తొలగింది. దీవెన తల ఎత్తి చూసింది.

“మైక్ బంద్ పెట్టినవ్ అన్నా” అంది.

ఆయన మీట జరిపాడు. మైకు ఒకసారి కీచుమంది.

“పెట్టె మంచిగనే ఉంది. లాప్‌టాప్‌ల బంద్ పెట్టింది గూడ నేనే. మా చెల్లెను ఉత్తగనే అందరి ముంగట అన్న” అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. “తప్పు నాది.”