కూతురి చేతిలోనే ఆగే కారు

మెకానిక్ ఆ కారుని మూడు రోజులు నడిపాడు. ఎండలో నడిపాడు, వానలో నడిపాడు, ఏసీ వేసి ఎత్తు ఎక్కించాడు. ఒక్కసారి ఆగితే ఒట్టు. కూతురు నడిపితే మాత్రం వారానికి రెండుసార్లు నడిరోడ్డు మీద చెప్పాపెట్టకుండా ఆగిపోతుందట. అప్పటికే వేరే మెకానిక్ ఒకడు ఇంజినుకి పెట్రోల్ అందించే పంపు మార్చాడు, ఇంకొకాయన ప్లగ్గులు మార్చి చేతులు దులుపుకున్నాడు. ఇక గతిలేక ఈ మెకానిక్ దగ్గరికి, అంటే కన్నతండ్రి దగ్గరికి తెచ్చింది. గతిలేక అన్నది ఆమె మాటే.

రెండేళ్ల కిందట భార్య పోయిన నెలకే ఈయన ఆవిడ బట్టలు, కుట్టుమిషను ఎవరికో ఇచ్చేశాడు. కళ్లముందుంటే తట్టుకోలేక ఇచ్చాడు. ఆ సంగతి నోరు విప్పి చెబితే ఏం పోయేదో గానీ చెప్పలేదు. తనను ఒక్కమాటైనా అడగలేదని కూతురు ఆ ఇంటి గడప తొక్కడం మానేసింది. పిలవనిదే రాని మనిషి ఆమె, పిలవడం చేతకాని మనిషి ఈయన. దొందూ దొందే. అప్పట్నుంచీ వీధిలో కారు ఆగిన చప్పుడైతే చాలు, తినే కంచం వదిలి కిటికీ దగ్గరికి పోతాడు. ఆ ఇంజిను ఆమెది కాదని చెవులకు ముందే తెలుస్తుంది. అయినా పోతాడు.

నాలుగో రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "నువ్వొచ్చి నడుపు. పక్కన కూర్చుని చూస్తాను."

ఆమె వచ్చింది. తన హ్యాండ్‌బ్యాగులోంచి గుప్పెడు తాళాల గుత్తి తీసి, ఈయనిచ్చిన కారు తాళంచెవిని దానికి తగిలించి బండి తీసింది. ఆమె గేరు మార్చే తీరు అచ్చం తల్లిదే. ఇంకో పది ఊళ్లు ఇలాగే తిప్పినా బాగుండునని ఈయన మనసు పీకింది.

మూడో స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరిపడింది. మీటర్ల దగ్గర దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి, ఇంజిను చప్పబడింది.

"చూశావా?" అంది గెలిచినట్టు.

ఆయన చూసింది తాళాల గుత్తిని. అదింకా గడియారం లోలకంలా ఊగుతోంది. మళ్లీ స్టార్ట్ చేయించి, ఈసారి గుత్తిని అరచేతిలో మోస్తూ అదే స్పీడ్ బ్రేకర్ మీదికి పోనిమ్మన్నాడు. ఆగలేదు. చెయ్యి వదిలేసి మళ్లీ పోనిమ్మన్నాడు. ఆగింది.

"ఇంజినుకేం రోగం లేదు. తాళం తిప్పే చోట స్విచ్ లోపల అరిగిపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా ఈ బరువు దాన్ని లాగుతోంది, కరెంటు తెగుతోంది."

"మరి నీ చేతిలో ఎందుకాగలేదు?"

ఆయనకు నవ్వూ, సిగ్గూ రెండూ వచ్చాయి. ఎప్పుడో ఒకాయన ఇంట్లో దొంగలు పడితే, గుత్తి మీ షాపులోనే వదిలానని గొడవ చేసినప్పట్నుంచీ, ఎవరొచ్చినా కారు తాళంచెవి ఒక్కటే విడదీసి తీసుకోవడం షాపులో నియమం. కన్నకూతురి దగ్గరా అలాగే తీసుకున్నాడు. రోగాన్ని గుమ్మం బయట నిలబెట్టి మూడు రోజులు వైద్యం చేశాడన్నమాట.

షాపుకొచ్చాక గుత్తి బల్లమీద పెట్టింది. అందులో గోళ్లరంగు చుక్క పెట్టిన తాళంచెవి కనిపించింది. అది తన ఇంటిదే. గుర్తుకోసం ఆ చుక్క పెట్టింది భార్య. కూతురు దాన్నింకా పారేయలేదు. గుత్తి బరువు తగ్గించుకోమని చెబితే ముందు పోయేది అదేనేమో. చెప్పకపోతే రేపు ఏ లారీ ముందో కారు ఆగుతుంది.

"కొత్త స్విచ్ వేస్తాను," అన్నాడు పానలు సర్దుకుంటూ. "ఇంత బరువు తగిలిస్తే అదీ అరుగుతుంది. అక్కర్లేనివి తీసెయ్యమ్మా."

ఆమె మొదట ఆ చుక్క ఉన్నదే తీసింది. "దీన్ని ఎప్పుడో తీసేయాల్సింది. పోయినేడు అమ్మ పుట్టినరోజుకి వచ్చాను. నువ్వు షాపులో ఉన్నావు. లోపల కూర్చుని, నువ్వొచ్చేదాకా ఉందామనుకున్నాను. ఇది తిరగలేదు. నేను రాకూడదనే తాళం మార్చావనుకున్నాను."

ఆయన చేతిలో పాన అలాగే ఉండిపోయింది. రెండేళ్లుగా కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి, ఆమె వచ్చి వెళ్లిన ఆ ఒక్కరోజు మాత్రం తెలియలేదు.

"పాతది తుప్పుపట్టి బిగిసిపోయిందమ్మా. అందుకే మార్పించాను. నీ మీద ఒట్టు. కొత్త తాళంచెవి నీకోటి ఇవ్వాలని రోజూ అనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని ఇవ్వను?"

జేబులోంచి తన ఇంటి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇది నాకిచ్చేస్తే నువ్వెలా లోపలికొస్తావు?"

"నువ్వు ముందు మనింటికెళ్లు. గంటలో స్విచ్ బిగించి నీ కారు తీసుకొస్తాను," అన్నాడు. "తలుపు కొడతాను. నువ్వొచ్చి తియ్యి."